ఎస్ప్రెస్సో (ఇంటి తయారీ, యంత్ర సంరక్షణ)

ఎస్ప్రెస్సో అనగా మెత్తగా పొడి చేసి, అదిమి పెట్టిన కాఫీ గుండా వేడి నీటిని అధిక పీడనంతో పంపి, సుమారు అర నిమిషంలో దించే చిక్కని కాఫీ. దీని పుట్టినిల్లు ఇటలీ. నీటి పీడనం సాధారణంగా 9 బార్లు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు తొమ్మిది రెట్లు ఉంటుంది. నీటి ఉష్ణోగ్రత 90 నుండి 96 డిగ్రీల సెంటీగ్రేడు. కప్పులో పైన తేనె రంగు నురుగు పొర ఏర్పడుతుంది. దీనిని ఇటాలియన్ భాషలో క్రెమా అంటారు. కాపుచినో, లాటే వంటి పాల కాఫీలకు ఇదే మూలం.

ఇంటిలో ఎస్ప్రెస్సో కుదరనపుడు చాలామంది గింజలనో, యంత్రాన్నో నిందిస్తారు. కారణం తరచుగా పొడి చేసే పద్ధతిలోనో, తొట్టిలో పోసే నీటిలోనో, కడగకుండా వదిలిన జల్లెడలోనో ఉంటుంది. అందువలన ఈ వ్యాసంలో తయారీతో సమానంగా సంరక్షణ గురించి కూడా చెప్పబడింది.

పేరు

ఇటాలియన్ భాషలో ఈ మాటకు 'పిండి తీసినది' అనే అర్థంతో పాటు 'అడిగినవారి కోసం అప్పటికప్పుడు చేసినది' అనే అర్థం కూడా ఉంది. మన దేశంలో 'ఎక్స్‌ప్రెస్సో' అని పలకడం కూడా కద్దు. తెలుగునాట పెళ్ళి విందులలో, ఎగ్జిబిషన్లలో ఆవిరి గొట్టంతో బుసబుసమని పాలను పొంగించి, పైన కాస్త కోకో పొడి చల్లి ఇచ్చే కాఫీకి 'ఎస్ప్రెస్సో' అనే పేరు స్థిరపడింది. అది ఎక్కువగా ఇన్‌స్టంట్ కాఫీ పొడితో చేసేది. దాని రుచికి వంక పెట్టనక్కరలేదు గాని, ఈ వ్యాసంలో చెప్పే పానీయం అది కాదు.

చరిత్ర

1884లో ట్యూరిన్ నగరానికి చెందిన ఆంజెలో మోరియోండో ఆవిరితో కాఫీ చేసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయిజి బెజ్జెరా ఒక్కొక్క కప్పుకు విడిగా కాఫీ దించే యంత్రాన్ని రూపొందించాడు. డెసిడెరియో పావోనీ ఆ హక్కులు కొని 1905 నుండి యంత్రాల తయారీ ప్రారంభించాడు. ఇవన్నీ ఆవిరి ఒత్తిడి మీద నడిచేవి. ఆ ఒత్తిడి రెండు బార్లకు లోపే ఉండేది, నీరు మితిమీరి వేడెక్కి కాఫీ మాడు వాసన వేసేది. క్రెమా ఉండేది కాదు.

ఆ నురుగు ఆకిలే గాజా అనే మిలాన్ వాసి వలన వచ్చింది. ఆయన 1930ల చివర మొదలుపెట్టిన ప్రయోగాలు యుద్ధానంతరం, 1940ల చివరలో మీట యంత్రంగా ఫలించాయి. మీటను కిందికి లాగి వదిలితే లోపలి స్ప్రింగు ముషలకాన్ని నొక్కి, నీటిని బలంగా పొడిలోనికి తోసేది. 1961లో ఫాయెమా సంస్థ చేతి మీటకు బదులు విద్యుత్ పంపు అమర్చిన ఇ-61 యంత్రాన్ని విడుదల చేసింది. ఆ సంవత్సరం ఇటలీలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని బట్టి ఆ పేరు పెట్టారు. నేటి గృహ యంత్రాలలో అత్యధికం ఈ పంపు పద్ధతినే అనుసరిస్తాయి.

1933లో వచ్చిన బియాలెట్టి వారి మోకా పాత్రను కొందరు ఎస్ప్రెస్సో పాత్ర అంటారు. అందులో పుట్టే ఒత్తిడి చాలా తక్కువ కనుక వచ్చేది మంచి చిక్కని కాఫీయే గాని ఎస్ప్రెస్సో కాదు.

గింజలు

వేయించిన గింజలలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) నిండి ఉంటుంది. అధిక పీడనంలో అది నీటిలో కరిగి, కప్పులో పడగానే పీడనం తగ్గి సన్నని బుడగలుగా బయటపడుతుంది. కాఫీలోని నూనెలతో కలిసిన ఆ బుడగలే క్రెమా. గింజలు పాతబడితే వాయువు పోతుంది, నురుగు పలచబడుతుంది. నిన్ననే వేయించిన గింజలలో వాయువు మరీ ఎక్కువై నీరు సమంగా పారదు. వేయించిన వారం నుండి నాలుగైదు వారాల లోపు వాడడం మంచిది. కొనేటపుడు పొట్లం మీద వేయించిన తేదీ చూసుకోవాలి.

అరబికా గింజలు సువాసనకు, రోబస్టా గింజలు చిక్కదనానికి, నురుగుకు పేరుపొందాయి. ఇటలీ వారి మిశ్రమాలలో రోబస్టా కలపడం పాత అలవాటు. భారతదేశపు కాఫీకి ఇటలీ ప్రధానమైన కొనుగోలుదారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా కూడా ఎస్ప్రెస్సోకు పనికివస్తుంది. పాలు కలుపుకునే వారు అందులో కొంత రోబస్టా చేర్చుకుంటే కాఫీ రుచి పాలలో మునిగిపోదు.

ఫిల్టరు కాఫీకి వాడే చికోరీ కలిసిన పొడిని ఈ యంత్రంలో వేయరాదు. చికోరీ నీటిలో కాఫీ కంటే ఎక్కువగా కరుగుతుంది. జల్లెడకు జిగురుగా పట్టుకుంటుంది, క్రెమాకు తోడ్పడదు.

గింజలను తరచు తెరిచే ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చెమ్మ పట్టి పక్కనున్న వాసనలు పీలుస్తాయి. ఎక్కువ గింజలు ఉంటే చిన్న చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజరులో ఉంచి, ఒక్కొక్కటే తీసి వాడుకోవచ్చు.

గ్రైండరు

డబ్బు పరిమితంగా ఉన్నవారు యంత్రం మీద కొంత తగ్గించి గ్రైండరు మీద పెట్టడం మేలు. మిక్సీ రెక్కలు గింజలను నరుకుతాయి. అందులో పిండి, రవ్వ కలగలిసి వస్తాయి. ఎస్ప్రెస్సోకు కావలసినది తిరగలి సూత్రం, అనగా రెండు పళ్ళ చక్రాల మధ్య గింజ నలిగి, ఆ సందును బట్టి ఒకే పరిమాణంలో పొడి రావడం. ఆ సందును అతి స్వల్పంగా మార్చే వీలుండాలి.

ఫిల్టరు కాఫీలో నీరు తన బరువుతో తాను నిదానంగా దిగుతుంది, పొడి కాస్త బరకైనా డికాక్షన్ పాడు కాదు. ఎస్ప్రెస్సోలో అలాంటి మన్నింపు లేదు. పొడి కొద్దిగా బరకైతే నీరు పదిహేను సెకన్లలో దూకేస్తుంది, కొద్దిగా మెత్తనైతే చుక్క కూడా దిగదు.

చవక యంత్రాలతో వచ్చే రెండు పొరల జల్లెడ ఈ ఇబ్బందిని దాటవేస్తుంది. దాని అడుగున ఒకే సన్నని రంధ్రం ఉంటుంది. పొడి ఎలా ఉన్నా ఆ రంధ్రం ఒత్తిడి పుట్టించి నురుగు చిమ్ముతుంది. చూపుకు క్రెమాలా ఉంటుంది గాని రుచిలో ఆ తేడా తెలుస్తుంది. గ్రైండరు కొన్న తరువాత ఒకే పొర ఉన్న మామూలు జల్లెడకు మారాలి.

గ్రైండరులో పుట్టే స్థిర విద్యుత్తు వలన పొడి గోడలకు అంటుకుంటుంది. గింజల మీద రెండు మూడు చుక్కల నీరు చిలకరించి కలిపితే ఇది తగ్గుతుందని 2023లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఇంటివారు అంతకు ముందే ఈ చిట్కా వాడేవారు.

తయారీ

మొదట యంత్రాన్ని బాగా వేడెక్కనివ్వాలి. దీపం వెలగగానే నీరు వేడెక్కినట్లే, కాని పిడి, జల్లెడ ఇంకా చల్లగానే ఉంటాయి. మందపాటి ఇత్తడి భాగాలున్న యంత్రాలకు 20 నిమిషాలైనా పడుతుంది. పిడిని దాని స్థానంలోనే బిగించి ఉంచి, కాఫీ వేసే ముందు కాస్త వేడి నీటిని ఖాళీగా దించితే జల్లెడ, కప్పు రెండూ వేడెక్కుతాయి.

రెండు కప్పుల జల్లెడకు 18 గ్రాముల పొడి అనుకుందాం. దాని నుండి 36 గ్రాముల కాఫీ 25-30 సెకన్లలో దిగాలి. నురుగు వలన మిల్లీలీటర్ల లెక్క మోసం చేస్తుంది కనుక గ్రాములలో తూయడమే నమ్మదగినది. పొడిలో అయిదో వంతు, అనగా 3.6 గ్రాములు కరిగిందనుకుంటే, కప్పులో పదో వంతు కాఫీ సారమే.

పొడిని జల్లెడలో వేసి, సన్నని సూదితో ఉండలు విడదీసి, సమంగా పరచి, టాంపరు అనే బిళ్ళతో తిన్నగా అదమాలి. ఎంత బలంగా అన్నదానికంటే ఎంత సమతలంగా అన్నది ముఖ్యం. ఒకవైపు పలచగా ఉంటే కాలువ గట్టుకు గండి పడినట్లు నీరంతా అటే పరుగెడుతుంది. గండి పడిన చోట కాఫీ అతిగా కరిగి చేదెక్కుతుంది, మిగిలిన పొడి దాదాపు వృథా అవుతుంది. ఒకే కప్పులో పులుపు, చేదు రెండూ తగిలితే ముందుగా దీనినే అనుమానించాలి.

నీరు త్వరగా దిగి కాఫీ పులుపుగా, నీళ్ళగా ఉంటే పొడిని మరికాస్త మెత్తన చేయాలి. నిదానంగా దిగి చేదుగా, వగరుగా ఉంటే కాస్త బరక చేయాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. పొడి తూకం, మెత్తదనం, వేడి మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. బడిలో ప్రయోగశాల నియమమే ఇక్కడా వర్తిస్తుంది. వాన ముసురు పట్టిన రోజున నిన్నటి అమరిక పనిచేయకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు.

పెట్టె మీద '15 బార్లు' అని రాసి ఉండడం చూసి యంత్రాన్ని ఎంచుకోవడం పొరపాటు. అది పంపు గరిష్ఠ సామర్థ్యం మాత్రమే.

నీరు, సున్నపు గార

గృహ యంత్రాలు పాడవడానికి ప్రధాన కారణాలలో సున్నపు గార ఒకటి. కఠిన జలంలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. వేడి చేసినపుడు అది కాల్షియం కార్బొనేటుగా మారి బాయిలరు గోడలకు, సన్నని గొట్టాలకు పేరుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లని పొర ఇదే. గిన్నెను తోముకోవచ్చు, బాయిలరు లోపలికి చెయ్యి పోదు.

తాగునీటి భారతీయ ప్రమాణం (ఐ.ఎస్. 10500, 2012) ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనపుడు 600 వరకు అనుమతి ఉంది. కాఫీకి 50 నుండి 175 వరకు తగినదిగా చెబుతారు. అంటే తాగడానికి పనికివచ్చే నీరు యంత్రానికి పనికిరాకపోవచ్చు. తెలంగాణ, రాయలసీమలలో బోరు నీటి కాఠిన్యం వందలలో ఉండడం సాధారణం.

అలాగని ఆర్.ఓ. నీటిని ఒక్కదానినే పోయడం కూడా సరికాదు. లవణాలు లేని నీటితో కాఫీ చప్పగా వస్తుంది. నీటి విద్యుద్వాహకతను బట్టి మట్టం కనుగొనే కొన్ని యంత్రాలు, బాయిలరు నిండినా ఖాళీ అనుకుంటాయి. రెంటినీ కలపడం సులభమైన ఉపాయం. బోరు నీరు 300, ఆర్.ఓ. నీరు 10 మి.గ్రా. ఉంటే, ఒక పాలు బోరు నీటికి మూడు పాళ్ళు ఆర్.ఓ. నీరు కలిపితే (300 + 30) ÷ 4 = సుమారు 82 అవుతుంది. కాఠిన్యం కొలిచే కాగితపు పట్టీలు చవకగా దొరుకుతాయి. ఆర్.ఓ. మనిషి తెచ్చే మీటరు చూపేది మొత్తం లవణాలను, కాఠిన్యాన్ని కాదు.

గార పట్టిన యంత్రానికి లీటరు నీటిలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి లోపలికి పంపి, కొంతసేపు నిలిపి, తరువాత కనీసం రెండు తొట్ల మంచినీటితో కడుగుతారు. ద్రావణం మరుగుతూ ఉండకూడదు. బాగా వేడిగా ఉంటే కరగని కాల్షియం సిట్రేటు ఏర్పడి పని రెట్టింపవుతుంది. అల్యూమినియం బాయిలరు ఉన్నవారు, రెండు బాయిలర్ల యంత్రం ఉన్నవారు ముందు తయారీదారు పుస్తకం చూడాలి. కొందరు తయారీదారులు ఈ పని ఇంటిలో చేయవద్దంటారు. ఎక్కువ గార ఒక్కసారిగా ఊడితే ఆ పెళ్ళలు కవాటంలో అడ్డుపడతాయి. తగిన నీరు పోసుకోవడమే దీనికంటే తేలిక.

శుభ్రపరచడం

కాఫీ నూనెలు గాలి తగిలి ముక్కిపోతాయి. మొన్నటి నూనె రేపటి కప్పులో చేదుగా పలుకుతుంది. గింజలు మార్చినా పోని చేదు తరచుగా ఇదే.

ప్రతి కప్పు తరువాత పిప్పిని దులిపి, జల్లెడ కడిగి, యంత్రం నుండి కాస్త నీరు వదలాలి. పిప్పి తీయడానికి పిడిని వెంటనే విప్పరాదు. ముందు ఒత్తిడి దిగిపోవాలి. ఒత్తిడిని విడిచే కవాటం లేని యంత్రాలలో తొందరపడితే వేడి పిప్పి ముఖం మీదికి చిమ్ముతుంది, పిల్లలు ఉన్న ఇంటిలో ఇది మరీ జాగ్రత్త పడవలసిన విషయం. పాలు కాచిన ఆవిరి గొట్టాన్ని ఆ క్షణమే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి ఊదించాలి. లేకపోతే పాలు లోపలికి పీల్చుకొని గట్టిపడి విరుగుతాయి.

మూడు దారుల కవాటం ఉన్న యంత్రాలలో రంధ్రాలు లేని గుడ్డి జల్లెడ పెట్టి, నీటిని వెనక్కి తోయించి లోపలి దారులను కడుగుతారు. వారానికొకసారి కాఫీ యంత్రాలకై అమ్మే పొడిని కొద్దిగా వేసి, తరువాత మంచినీటితో పలుమార్లు చేయాలి. ఆ కవాటం లేని చిన్న యంత్రాలలో ఈ పని చేయరాదు. జల్లెడలను అదే పొడి కలిపిన వేడినీటిలో నానవేయవచ్చు గాని, పిడి కొయ్యను, అల్యూమినియం భాగాలను ముంచకూడదు.

పిడి బిగించే చోట ఒక రబ్బరు వాషరు ఉంటుంది. వేడికి అది ఏడాదో, రెండేళ్ళో అయ్యేసరికి గట్టిపడి, పక్కల నుండి నీరు కారుతుంది. మరింత బలంగా బిగించడం పరిష్కారం కాదు, ఆ వాషరును మార్చాలి. చౌకైన ఈ ఒక్క వాషరు కోసం యంత్రాన్నే మూలన పడేసే ఇళ్ళు ఉన్నాయి.

గ్రైండరు చక్రాలను నెలకొకసారి, ప్లగ్గు తీసిన తరువాత, విప్పి పొడి కుంచెతో దులపాలి. నీటితో కడిగితే ఉక్కు తుప్పు పడుతుంది. మిక్సీ జారులో బియ్యం వేసి తిప్పే అలవాటు మన ఇళ్ళలో ఉంది. దానిని ఇక్కడ పాటించవద్దు. పచ్చి బియ్యం కాఫీ గింజకంటే గట్టిది, చిన్న మోటారు మీద భారం పడుతుంది.

ఊరికి వెళ్ళేటపుడు తొట్టిని ఖాళీ చేసి ఆరబెట్టి, గ్రైండరులో గింజలు మిగల్చకుండా, పిడిని బిగించక వదులుగా ఉంచాలి. తిరిగి వచ్చాక మొదటి తొట్టి నీటిని కాఫీ వేయకుండా దించి పారబోయాలి.