నీడపట్టున పెరిగే ఫెర్న్‌లు

అమెరికాలో సొంత ఇల్లు తీసుకున్న మనవాళ్లు పెరట్లో ముందుగా ఎండ పడే వైపు చూసుకుంటారు. గోంగూర మళ్లు, ఆనప పందిరి అక్కడే వెలుస్తాయి. ఇంటికి ఉత్తరపు పక్కన, పెద్ద మేపుల్, ఓక్ చెట్ల కింద మాత్రం గడ్డి కూడా సరిగా పట్టదు. ఏటా విత్తనాలు చల్లడం, మొలిచిన గడ్డి పలచబడిపోవడం మామూలే. అలాంటి చోట ఫెర్న్‌లు వేసి చూడండి. నీడే వాటి సొంత ఊరు.

చెట్ల ఆకులు వెలుతురులోని ఎరుపు, నీలం కిరణాలను చాలావరకు పీల్చేసుకుంటాయి. నేలకు దిగేది మిగిలిన మసక వెలుగే. పూల మొక్కలు ప్రధానంగా నీలి వెలుతురును బట్టి అటువైపు వంగుతాయి. చాలా ఫెర్న్‌లలో మాత్రం ఎరుపునూ నీలాన్నీ రెండింటినీ పసిగట్టి, ఆ కొద్ది వెలుగు వైపు కూడా తిరిగేలా చేసే నియోక్రోమ్ అనే ప్రొటీన్ ఉంది. ఆ జన్యువు హార్న్‌వర్ట్‌లనే నాచులాంటి చిన్న మొక్కల నుంచి కోట్ల ఏళ్ల కిందట ఫెర్న్‌లకు సంక్రమించిందని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం 2014లో వెల్లడించింది. పూల చెట్లు భూమిని కమ్మేశాక కూడా వాటి నీడలో ఫెర్న్‌లు కొత్త జాతులుగా విస్తరించడానికి ఇదొక కారణం కావచ్చని వారి అభిప్రాయం.

తూర్పు రాష్ట్రాల వారికి తొలి మొక్కగా క్రిస్మస్ ఫెర్న్ మంచిది. అక్కడి అడవుల్లో సహజంగా పెరిగేదే. మైనస్ 35 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా తట్టుకుని, డిసెంబరులోనూ పచ్చగా ఉంటుంది. జింకలు సాధారణంగా దాని జోలికి రావు. వేసవిలో ఒక ఆకును తిప్పి చూడండి. కొస దగ్గర రెక్కలు చిన్నవైపోయి, వాటి అడుగున గోధుమ రంగు పొడి దట్టంగా అంటుకుని ఉంటుంది. పురుగు పట్టిందని మందు కొట్టకండి, అవి సిద్ధబీజాల (స్పోర్‌ల) సంచులు. పొలుసు పురుగైతే కాడల మీద కూడా ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది.

సిద్ధబీజం తడి నేల మీద పడితే గోటికన్నా చిన్నదైన పచ్చని రేకు మొలుస్తుంది. దాని మీది నీటి పొరలో పురుష కణాలు ఈదుకుంటూ వెళ్లి అండాన్ని చేరితేనే కొత్త ఫెర్న్ పుడుతుంది. తేమ లేనిదే ఫెర్న్‌కు సంతానం లేదు.

సియాటిల్ వైపు వారికి అక్కడి అడవుల స్వోర్డ్ ఫెర్న్ ఉంది. ఆ దగ్గరి ఫెడరల్ వేలోని హార్డీ ఫెర్న్ ఫౌండేషన్ 1989 నుంచి చలికి ఓర్చే జాతుల మీద పనిచేస్తోంది. రంగు కావాలనుకుంటే వెండి ఛాయ ఆకుల జపనీస్ పెయింటెడ్ ఫెర్న్ వేసుకోవచ్చు. చోటు ఎక్కువుంటే ఆస్ట్రిచ్ ఫెర్న్ నేల కింద పిలకలు పాకించి తానే నిండిపోతుంది. చుట్టలు చుట్టుకుని ఉండే దాని లేత ఆకులను న్యూ ఇంగ్లండ్‌లో కూర వండుతారు. బాగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇతర ఫెర్న్‌ల చుట్టలు దానివే అనుకుని కోయడం ఇంకా ప్రమాదం.

నాటడానికి వసంతం గానీ, శరత్కాలపు మొదటి రోజులు గానీ అనువు. ఆకులన్నీ పుట్టుకొచ్చే మొదలు మట్టికి సమంగా ఉండాలి. లోతుగా పూడిస్తే కుళ్లిపోతుంది. మొదటి ఏడాది నేల ఎండిపోనివ్వకుండా నీళ్లు పోయాలి, నిలవ మాత్రం ఉండకూడదు. రసాయన ఎరువుల అవసరం దాదాపు ఉండదు. క్రిస్మస్ ఫెర్న్ పాత ఆకులను శీతాకాలమంతా ఉంచి, కొత్త చుట్టలు విచ్చుకునే ముందు కత్తిరిస్తే చాలు.

ఇంక ఎరువు సంగతి. శరత్కాలంలో రాలిన ఆకులను సంచుల్లో నింపి వీధి చివర పెట్టేస్తుంటాం. వాటిని ముక్కలు చేసి ఫెర్న్‌ల చుట్టూ రెండంగుళాల మందాన, మొదలు మూయకుండా పరవండి. చివికే కొద్దీ అవి తేమను పట్టి ఉంచుతాయి, మట్టిని గుల్లబారుస్తాయి. అడవిలో ఫెర్న్‌కు అందేదీ ఇదే.