ఒక్క రాత్రి మెరిసిన ఆటగాడిని ఎలా తూచాలి?

2014 ఏప్రిల్ 11న అమెరికాలోని మిన్నియాపొలిస్ పట్టణములో కోరీ బ్రూయర్ అనే బాస్కెట్ బాల్ ఆటగాడు ఒకే ఆటలో 51 పాయింట్లు చేశాడు. 30 సార్లు బంతిని బుట్ట వైపు వేస్తే 19 సార్లు పడింది. హ్యూస్టన్ రాకెట్స్ జట్టు మీద అతని జట్టు టింబర్‌వుల్వ్స్ రెండే రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. మొత్తం మీద ఈ బ్రూయర్ తన వృత్తి జీవితములో ఆటకు సగటున 9 పాయింట్లు కూడా చేయలేదు. మరి ఇతని విలువ 51 పాయింట్లదా, 9 పాయింట్లదా?

ఈ ప్రశ్నతో మన పాఠకులకేమి పని అని పెద్దలు కొందరు అనుకోవచ్చును. డాలస్ లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యలు, బాబాయిలు పంపే ఆటల క్లిప్పులను మన యువజనులు సెల్ ఫోన్లలో చూస్తున్నారు. మీ ఇంట్లో ఈ వాదన ఇప్పటికే జరిగి యుండవచ్చును.

ఆట తెలియని వారి కొరకు రెండు మాటలు. ఇరువైపులా ఐదుగురేసి, ఆట సమయము 48 నిమిషాలు. పది అడుగుల ఎత్తున ఉన్న బుట్టలో బంతి వేస్తే రెండు పాయింట్లు, దూరపు గీత వెలుపల నుండి వేస్తే మూడు, ఫౌల్ అయినప్పుడు ఇచ్చే ఫ్రీ త్రోకు ఒకటి. జట్టుకు ఒకరిద్దరు స్టార్లుంటారు, బంతి ఎక్కువగా వారి చేతుల్లోనే తిరుగుతుంది. మిగిలిన వారిని అక్కడ రోల్ ప్లేయర్లంటారు. పెళ్లి వంటలో పేరు పెద్ద వంటవానిది, ఉల్లిపాయలు తరిగి కళ్లు మండించుకునేది వెనుకనున్న వారు. వీరూ అటువంటివారే.

ఇటువంటి వారిలో ఒకడు ఎప్పుడో ఒక రాత్రి ఒక్కసారిగా మెరుస్తాడు. 2001 జనవరి 2న ఫీనిక్స్ సన్స్ జట్టులోని టోనీ డెల్క్ శాక్రమెంటో మీద 53 పాయింట్లు చేశాడు. వాటిలో మూడు పాయింట్ల షాటు ఒక్కటి కూడా లేదు. అయినా అతని జట్టు ఓడిపోయింది. 2024 ఏప్రిల్ 9న డెట్రాయిట్ జట్టులో బెంచి మీద నుండి లేచి వచ్చిన మలకై ఫ్లిన్ 50 పాయింట్లు చేశాడు, ఆ జట్టూ ఓడింది. డెట్రాయిట్ ఆ సంవత్సరము 82 ఆటలలో 14 మాత్రమే గెలిచింది. అంత బలహీనమైన జట్టులో, సీజను చివరి రోజులలో, బంతి ఎవరి చేతికైనా రావచ్చును. 50 పాయింట్లు చేసినవానికి తరువాతి సీజను మొదటికి ఆ లీగులో స్థిరమైన చోటు దొరకలేదు.

కాబట్టి మొదట చూడవలసినది ఆ రాత్రి పరిస్థితి. ఎన్ని నిమిషాలు ఆడాడు? స్టార్లు గాయాలతో కూర్చున్నందువలన అతనికి బంతి ఎక్కువ వచ్చిందా? ఎదుటి జట్టు గట్టిగా కాచిందా, లేక విడిచిపెట్టిందా? ఆ తరువాత అడగవలసిన మాట ఇంకొకటున్నది, మా దృష్టిలో అదే ముఖ్యమైనది. ఆ పాయింట్లు ఎలా వచ్చాయి? దూరపు షాట్లు ఒక రాత్రి అన్నీ పడతాయి, మరుసటి రాత్రి అదే చేతి నుండి ఒక్కటీ పడదు. పరుగు, కాపు, ఎదుటివాని చేతి నుండి బంతి లాగుట అటువంటివి కావు. అవి అలవాట్లు, రేపు కూడా ఉంటాయి.

బ్రూయర్ విషయములో ఇది చక్కగా కనబడుతుంది. ఎదుటి జట్టు షాటు తప్పిన మరుక్షణమే అందరికంటె ముందు అవతలి బుట్ట వైపు పరుగెత్తడం అతని అలవాటు. అతనికి 51 పాయింట్లు మళ్లీ ఎన్నడూ రాలేదు. కాని అదే సంవత్సరము డిసెంబరులో అతనిని తమ జట్టులోనికి తెచ్చుకున్నది ఎవరనుకున్నారు? ఆ దెబ్బ తిన్న హ్యూస్టన్ వారే! 2015 మే నెలలో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ తో ఆరవ ఆట. ఓడితే హ్యూస్టన్ ఇంటికి పోవలసినదే. 19 పాయింట్లు వెనుకబడి యున్నారు. వారి స్టార్ జేమ్స్ హార్డెన్ చివరి భాగములో బెంచి మీద కూర్చొని చూస్తుండగా, బ్రూయర్ ఆ ఒక్క భాగములోనే 15 పాయింట్లు చేశాడు. హ్యూస్టన్ ఆ ఆట గెలిచి, తరువాతి ఆట కూడా గెలిచి పైకి వెళ్లింది.

తూకము తప్పితే నష్టము చిన్నది కాదు. 2005 ప్లేఆఫ్స్ లో సియాటిల్ జట్టులోని జెరోమ్ జేమ్స్ అనే పొడగరి 11 ఆటలు బాగా ఆడాడు. అంతకు ముందు సీజనంతా సగటున 5 పాయింట్లు కూడా లేనివాడు ఆ ఆటలలో 12 దాటాడు. న్యూయార్క్ నిక్స్ జట్టు వారు అది చూచి ఐదేండ్లకు 3 కోట్ల డాలర్లు వ్రాసి యిచ్చారు. అతడు వారి కొరకు ఆడినది మొత్తం 90 ఆటలు మాత్రమే. ఒక ఏడు మిర్చి ధర పలికితే మరుసటి ఏడు ఊరంతా మిర్చే వేసి, కోల్డ్ స్టోరేజి ముందు బస్తాలతో నిలబడిన రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఒక్క ఆట చూచి నమ్మరాదని పట్టుబట్టడం కూడా తప్పే. అదే న్యూయార్క్ జట్టులో 2012 ఫిబ్రవరి మొదట్లో జెరెమీ లిన్ అనే యువకుడున్నాడు. 2010లో ఆటగాళ్లను ఎంచుకొన్నప్పుడు ఏ జట్టూ అతని పేరు పిలువలేదు. తరువాత రెండు జట్లు తీసుకొని విడిచిపెట్టాయి. అన్నగారి గదిలో సోఫా మీద పండుకొనుచు ఆటకు వెళ్లేవాడు. ఫిబ్రవరి 10 వస్తే ఆ సీజను జీతము ఖాయమవుతుంది. ఆలోగా తీసివేస్తారేమో తెలియదు. ఫిబ్రవరి 4న, వేరే దారి లేక కోచ్ పంపగా, 25 పాయింట్లు చేశాడు. కోచ్ మైక్ డాంటోనీ అతనిని ఒక్క ఆట మీద ఆకాశానికెత్తలేదు, ఒక్క ఆటే కదా అని మూలన కూర్చోబెట్టనూలేదు. మరుసటి ఆటలో మొదటి నుండి దింపాడు. 28, 23, 38, 20, 27 — ఐదు ఆటలలో 136 పాయింట్లు. తరువాత అంత వేగము నిలువలేదన్నది నిజమే. అయినను లిన్ 2019 వరకు ఆ లీగులో నిలిచాడు, ఆటకు సగటున 11 పాయింట్లకు పైగా చేశాడు.

ఇక అంకెలకు అందనివాడొకడు. షేన్ బాటియే సగటు కూడా 9 లోపే. 2009లో రచయిత మైఖేల్ లూయిస్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఇతని గురించి పెద్ద వ్యాసము వ్రాశాడు. అప్పుడు బాటియే హ్యూస్టన్ లో ఉండేవాడు. కోబీ బ్రయంట్ వంటి మహా ఆటగాడిని కాచేటప్పుడు, అతడు ఏ చోట నుండి తక్కువగా వేయగలడో ముందే చదువుకొని, ఆ చోటికే తోలేవాడు. షాటు వేసేటప్పుడు బంతి జోలికి పోక, కళ్లకు అడ్డముగా చేయి పెట్టేవాడు. దీనికి స్కోరు పుస్తకములో గడి లేదు. అతడు మైదానములో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ముందున్నది, లేనప్పుడు ఎంత వెనుకబడినది అని లెక్క కట్టితేనే తెలిసింది. ఆ లెక్క కూడా ఒక్క ఆటకు పనికిరాదు, నెలల తరబడి చూడవలెను.

2013లో అతడు మయామి జట్టులో ఉన్నాడు. ఆ ప్లేఆఫ్స్ లో షాట్లు పడక ఆడే సమయము బాగా తగ్గింది. జూన్ 20న శాన్ ఆంటోనియోతో ఫైనల్ ఏడవ ఆటలో కోచ్ మళ్లీ పిలిచాడు. ఎనిమిది దూరపు షాట్లు వేసి ఆరు పడవేశాడు, 18 పాయింట్లు. మయామి 95–88తో గెలిచింది. ఆ రాత్రి అందరూ ఆ 18 గురించే మాట్లాడుకున్నారు. బాటియే మరో సీజను ఆడి 2014లో ఆట విడిచిపెట్టాడు.