మెటడార్ ఇంజన్ మూతకు కొత్త బీడింగ్



మన హాస్టల్లో చేరిన రోజు మేమిద్దరం అన్నదమ్ములం నాయన మెటడార్ వ్యానులోనే వచ్చాము. ట్రంకు పెట్టెలు వెనక, మేము ముందు. ముందు అంటే డ్రైవరు సీటుకూ క్లీనరు సీటుకూ నడుమ ఉండే ఇంజన్ మూత మీద, గోనెసంచి పరచుకొని. సోమందేపల్లి దాటేసరికి కింద కాలేది, పెనుకొండ వచ్చేసరికి తల తిరిగేది. ప్రయాణం పడలేదని అమ్మ నిమ్మకాయ వాసన చూపించేది. తప్పు ఆ మూత కింది రబ్బరుదని తెలియడానికి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా రావాల్సి వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ అనేది మాతోనే మొదలు మరి, ముందు ఎవరు చెబుతారు?

మెటడార్‌ను బజాజ్ టెంపో కంపెనీ 1969లో మన దేశంలో మొదలుపెట్టింది. నమూనా జర్మనీది. ఆ కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. ఈ బండి తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది. ఇంజన్ క్యాబిన్లోకి పొడుచుకొని వచ్చినట్టు ఉంటుంది, దాని మీద మూత. మూత అంచున తిరిగే రబ్బరు పట్టీనే మెకానిక్కులు బీడింగ్ అంటారు. వేడి, చప్పుడు, పొగ లోపలికి రాకుండా ఆపేది అదొక్కటే.

నాయన ఇప్పటికీ హిందూపురంలో చింతపండు బస్తాలు ఎత్తి ధర్మవరంలో దించుతాడు. వానాకాలం అద్దాలు మూసి నడిపిన రోజు ఇంటికొచ్చి తల పట్టుకొని కూర్చునేవాడు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. డీజిల్ ఇంజన్లో పెట్రోలు ఇంజన్ కంటే ఇది తక్కువే. కానీ డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ముప్పై ఏళ్లుగా ఆ సీట్లో కూర్చున్న మనిషి గుర్తుకొచ్చి ఆ మాట చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

పాత బీడింగ్ ఊడదీస్తే ఒక పక్క కొమ్ములా గట్టిపడి బీటలు వేసింది, ఇంకో పక్క ఆయిల్ తాగి పాకం బెల్లంలా మెత్తబడింది. రబ్బరు అణువులు పొడుగాటి గొలుసులు. వేడికి, గాలికి ఏళ్ల తరబడి ఆ గొలుసుల మధ్య కొత్త ముడులు పడి సాగే గుణం పోతుంది. ఆయిల్ అయితే గొలుసుల మధ్యకు చొరబడి ఉబ్బిస్తుంది. కారు తలుపులకు వేసే ఈపీడీఎం రబ్బరు ఎండకు, వేడికి బాగా ఆగుతుంది గానీ ఆయిల్ తగిలితే పాడవుతుంది. నైట్రైల్ రబ్బరు ఆయిల్‌కు ఆగుతుంది, ఎండకు ఆగదు. రెంటికీ ఓ మోస్తరుగా నిలిచేది నియోప్రీన్. మేము మొదట చవకని స్పాంజి పట్టీ కొన్నాము. రెండు వారాల్లో పొగగొట్టం వైపు మాడిపోయింది. అంగడాయన తప్పేమీ లేదు, చవకది అడిగింది మేమే.

రెండోసారి ముందు పొగ కారే చోటు వెతికాము. మేనిఫోల్డ్ ప్యాకింగ్ పోయి ఉంది, మెకానిక్ చేత మార్పించాము. ఈ పని చెయ్యకుండా బీడింగ్ వేస్తే మూత కింద పొగ నింపి పెట్టినట్టే.

ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, పాత జిగురును మొద్దు కత్తితో గీకాము. కిరసనాయిలుతో తుడిచి సరిపెట్టుకుంటే ఆ జిడ్డు మీద సొల్యూషన్ పట్టదు. ఈ పాఠం స్పాంజి పట్టీతోనే నేర్చుకున్నాము. చివర థిన్నర్‌తో తుడవాలి, అదీ ఆరుబయట, దగ్గర్లో బీడీ కూడా లేకుండా. తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి ఒక రోజు ఆరనిచ్చాము. పొడవును దారంతో కొలిచి వేలెడు ఎక్కువే కోశాము. లాగి అంటిస్తే తర్వాత ముడుచుకుపోయి సందు పడుతుంది. అతుకు మూల మీద రాకూడదు, పొగగొట్టం వైపూ రాకూడదు. రెండు వైపులా సొల్యూషన్ పూసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక ఒత్తాలి.

సరిగ్గా కూర్చుందో లేదో చూడటం సులభం. మూత అంచుకు సుద్దముక్క రాసి మూసి తెరిస్తే రబ్బరు మీద గీత పడాలి. ఎక్కడ గీత తెగితే అక్కడ సందు ఉన్నట్టు. చీకటి పడ్డాక మూత కింద టార్చిలైటు వెలిగించి క్యాబిన్లో కూర్చుంటే ఇంకా బాగా తెలుస్తుంది. మాకు క్లచ్ వైపు మూలలో సన్నని వెలుగు కనబడింది, చిన్న ముక్క అతికించాము.

ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. వాటి ఇంజన్లు క్యాబిన్ బయట, ఇనుప గోడకు అవతల ఉంటాయి. మన జూనియర్లలో అక్కడ పనిచేసేవాళ్లు మా టార్చిలైటు సంగతి విని నవ్వారు.

బీడింగ్ మార్చాక మొదటిసారి ధర్మవరం వెళ్లొచ్చిన నాయన తలనొప్పి మాట ఎత్తలేదు. సైలెన్సర్ ఎక్కడో కొట్టుకుంటోంది, ఇన్నాళ్లూ ఇంజన్ మోతలో వినపడలేదు, రేపు చూడండిరా అన్నాడు. మూత మీద మాత్రం ఇప్పుడు ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.