గుర్తింపు కుదరనప్పుడు సర్వరు చేయవలసినదేమి?

పెద్ద కళాశాలల కంప్యూటరు ప్రయోగశాలలో విద్యార్థి యే యంత్రము ముందు కూర్చుండినను తన ఫైళ్లే తన యెదుట కనబడుటకు కారణము, అవి యా యంత్రమున లేక వేరొకచోట నొక సర్వరునందు భద్రముగా నుండి, నెట్‌వర్కు ద్వారమున వచ్చి, అక్కడనే పుట్టినట్లు తోచుటయే. ఈ పనికి మిక్కిలి వాడుకలోనున్న పద్ధతులలో నొకటి నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్; క్లుప్తముగా ఎన్‌ఎఫ్‌ఎస్. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984 లో దీనిని రూపొందించినది. నలువది యేండ్లు గడచినను యూనిక్స్, లినక్స్ యంత్రములున్న తావులనెల్ల నేటికిని ఇది పని చేయుచునే యున్నది. ఫైలు నడుగుచున్నవాడెవడో సర్వరు తెలిసికొనుట యెట్లు అనునది దీనిని మొదటినుండియు వెన్నాడుచున్న ప్రశ్న. అంతకంటె చిక్కైనది మఱియొకటి కలదు: తెలిసికొనుటకు వీలు పడనప్పుడు సర్వరు ఏమి చేయవలెను?

తొలినాళ్ల పద్ధతి అత్యంత సరళమైనది. అడుగుచున్న యంత్రము, అనగా క్లయింటు, ప్రతి యభ్యర్థనతోడను ఒక వినియోగదారు సంఖ్యను, ఒక బృందసంఖ్యను, వానికి తోడు పదునాఱింటికి మించని మఱికొన్ని బృందసంఖ్యలను వ్రాసి పంపును. సర్వరు వానిని చదివి, ఆ సంఖ్యకుగల యధికారము ననుసరించి ఫైలు నిచ్చును. వ్రాసినది సత్యమా, కల్పితమా యని విచారించు సాధనము దానివద్ద లేదు. సత్రమునకు వచ్చిన బాటసారి తాను ఫలానావారి బంధువునని చెప్పినంతనే గుమాస్తా వారి గది తాళపుచెవిని చేతికిచ్చుట వంటిదిది. యంత్రములన్నియు ఒక్క సంస్థ యధికారుల చేతులలోనే యుండి, వానిని మార్చుట కితరులకు వీలు లేని కాలమున ఈ నమ్మకము చెల్లినది. ఎవరి యంత్రమునకు వారే యజమానులైన పిమ్మట, వేయవ సంఖ్యగల యధ్యాపకుని ఫైళ్లు కావలసినవాడు తన యంత్రమున తనకు వేయవ సంఖ్యను పెట్టుకొన్న చాలును. సర్వాధికారియైన రూట్ యొక్క సున్న సంఖ్య వచ్చినచో దానిని 65534 సంఖ్యగల ‘నోబడీ’ యను అనామకునిగా మార్చు నాచారమొకటి లినక్స్ సర్వర్లయందు కలదు. మంచిదే, కాని అది రూట్ నడ్డగించును గాని, అధ్యాపకుని వేషము వేసికొన్న విద్యార్థి నడ్డగింపజాలదు.

ఈ లోపమును తొలుత దీక్షతో నెదుర్కొన్నవారిలో ముఖ్యులు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీవారు. 1983 లో నారంభమైన అథీనా ప్రాజెక్టునందు విద్యార్థులందఱును వాడుకొను యంత్రములనేకము లుండుటచే, ఏ యంత్రమును నమ్మరాదను సిద్ధాంతముపై వారు కెర్బెరోస్ అను వ్యవస్థను నిర్మించిరి. ఇందు సంకేతపదము నెట్‌వర్కుపై నడువదు. మూడవ సర్వరొకటి వినియోగదారుని గుర్తించి, అల్పకాలము మాత్రమే చెల్లు టికెట్టు నిచ్చును. ఆ టికెట్టును చూపి యతడు తక్కిన సర్వర్లయొద్ద తన్ను తాను నిరూపించుకొనును. ఈ వ్యవస్థను గూర్చి స్టైనర్, న్యూమన్, షిల్లర్ అను మువ్వురు 1988 లో ప్రకటించిన వ్యాసమున ఎన్‌ఎఫ్‌ఎస్‌ను గూర్చిన యనుబంధమొకటి కలదు. ఫైలునుండి చదువు ప్రతి చిన్న యభ్యర్థనకును టికెట్టును పరీక్షించినచో నాటి యంత్రముల వేగము కుంటువడును గావున, ఫైళ్లను తొలుత జతపఱచుకొనునప్పుడు, అనగా మౌంట్ చేయునప్పుడు, ఒక్క పర్యాయము మాత్రము పరీక్షించి, ఈ చిరునామాగల యంత్రమునుండి యీ సంఖ్యతో వచ్చువాడు ఫలానావాడని సర్వరు తన పట్టికలో వ్రాసికొనునట్లు వారు చేసిరి.

పట్టికలో లేని సంఖ్య వచ్చినచో నేమి చేయవలెననుటకు వారు చూపిన దారులు రెండు. ఆదరముగల సర్వరు వానిని నోబడీగా భావించి, ఎల్లరకును తెఱచియున్న ఫైళ్లను మాత్రము చూపును. ఆదరము లేని సర్వరు అనుమతి లేదని చెప్పి పంపివేయును. నా దృష్టిలో ఈ యనుబంధమందలి యత్యుత్తమ వివేక మిదియే. ఈ రెండు దారులలో దేనియందును గుర్తింపు కుదరనివానికి, గుర్తింపు కుదిరినవానికంటె, లేశమైనను అధికము దక్కదు. వెనుకడుగు వేయవలసివచ్చినప్పుడు ఆ యడుగు అధికారహీనతవైపే పడవలెను. ఈ నియమమును విస్మరించిన తావులయందే తరువాతి చిక్కులెల్ల పుట్టినవి.

సన్ సంస్థవారును సురక్షితమైన పద్ధతి నొకదానిని వేఱుగా తెచ్చిరి గాని, దానికాధారమైన 192 బిట్ల సంఖ్య చాల చిన్నదని బెల్ లేబరేటరీస్‌కు చెందిన లామాకియా, ఒడ్లిజ్కోలు 1991 లో గణితముచే ఛేదించి చూపిరి. పిమ్మట 1997 లో వెలువడిన ప్రమాణము వలన కెర్బెరోస్ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి యభ్యర్థనకును అన్వయించుటకు వీలేర్పడినది. అందు మూడంతస్తులు: మొదటిది వచ్చినవాని గుర్తింపు మాత్రమే, రెండవది, పంపిన సమాచారమును దారిలో నెవ్వరును మార్చలేదను భరోసాతో కూడినది, మూడవది సమాచారమునంతను గూఢలిపిలో మఱుగుపఱచునది. ఎన్‌ఎఫ్‌ఎస్ నాల్గవ రూపమున సంప్రదింపు పద్ధతియు నేర్పడినది. క్లయింటు తగని పద్ధతిలో అడిగినచో సర్వరు నీ భద్రతాపద్ధతి సరికాదని తిప్పిపంపును. అప్పుడు క్లయింటు ఇచ్చట నేవి చెల్లునని యడుగును. సర్వరు తన యిష్టక్రమమున జాబితా నిచ్చును.

శత్రువు కాచుకొనియుండు తావు ఈ జాబితాయే. నడుమ దారిలో నున్నవాడు ఆ సందేశమునుండి కెర్బెరోస్ పేరును తొలగించి పాత పద్ధతిని మాత్రము మిగిల్చెనా, క్లయింటు వేఱు మార్గము లేదనుకొని సంఖ్యలు వ్రాసి పంపు పద్ధతికే దిగిపోవును. అందుచేతనే ఏవి చెల్లునను ఆ ప్రశ్నను సైతము దారిలో మార్పునకు లోనుగాని రక్షణతోనే యడుగవలెనని ప్రమాణమును వ్రాసినవారు హెచ్చరించిరి.

శత్రువు లేకున్నను చిక్కులు వచ్చుట కొక యుదాహరణము చూతము. 2013 లో లినక్స్ క్లయింటునందొక మార్పు జరిగినది: ఎన్‌ఎఫ్‌ఎస్ నాల్గవ రూపమున సర్వరుతో తొలిపరిచయము చేసికొనునప్పుడు, వాడుకరి యడుగకున్నను, కెర్బెరోస్ రెండవ యంతస్తుతోనే ప్రయత్నించి, అది కుదరనిచో పాత పద్ధతికి మరలవలెనని. ఉద్దేశము శ్లాఘ్యమైనదే. కాని టికెట్టుల వ్యవహారము చూచు సహాయక ప్రోగ్రామును అసలు నడుపని యంత్రము లనేకము కలవు. వానిలో క్లయింటు ఆ ప్రోగ్రాము జవాబుకై పదునైదు క్షణములు వేచియుండి, సహాయక ప్రోగ్రాము నడుచుచున్నదేమో చూడుమను ఫిర్యాదు నొకదానిని యంత్రపు దినచర్యలో వ్రాసి, అటుపిమ్మట పాత పద్ధతికి దిగెడిది. కెర్బెరోస్ పేరైనను విననివాడు తన ఫైళ్లేల యాలస్యముగా వచ్చుచున్నవో తెలియక తికమకపడినాడు. ఆ సహాయకుడు నడుచుచున్నాడా లేదా యని ముందే విచారించి, లేనిచో వేచియుండక పాత పద్ధతికి పోవునట్లు ఆ సంవత్సరాంతమున సవరణ జరిగినది.

అయినను అన్నిటికంటె ప్రమాదకరమైన వెనుకడుగు యంత్రము వేయునది కాదు, మనుష్యుడు వేయునది. కెర్బెరోస్ సున్నితమైనది. రెండు యంత్రముల గడియారముల నడుమ అయిదు నిమిషములకు మించి తేడా వచ్చినను, సర్వరు పేరు ఒకచోట నొకవిధముగను వేఱొకచోట వేఱొకవిధముగను నమోదైనను టికెట్టు చెల్లదు. రాత్రియెల్ల నడువవలసిన గణనము సగములో నుండగా టికెట్టు గడువు తీరెనా, తెల్లవారుసరికి మిగులునది అనుమతి లేదను వాక్యమొక్కటియే. పరిశోధకుడు వచ్చి నిర్వాహకుని నిలదీయును. పని యాగిపోయినదను తొందరలో నిర్వాహకుడు సర్వరులోని ఎక్స్‌పోర్ట్స్ ఫైలు తెఱచి, భద్రతాపద్ధతుల వరుసలో కెర్బెరోస్ పేరు ప్రక్కన ఒక కోలన్ పెట్టి ‘సిస్’ అను మూడక్షరముల యాంగ్లపదమును, అనగా సంఖ్యలు వ్రాసి పంపు పాత పద్ధతి పేరును, చేర్చును. అంతటితో ఫైళ్లు వచ్చును, అందఱును శాంతింతురు. కాని నాటినుండి కెర్బెరోస్ అలంకారప్రాయమే. చెడుతలంపుగలవాడు ఆ వరుసలోని బలహీనమైన పద్ధతినే యెన్నుకొనును గాని బలమైనదానితో తలపడడు గదా. తాత్కాలికమని చేర్చిన ఆ పదము తరువాత తొలగింపబడుట అరుదు. పనిచేయుచున్నదానిని గూర్చి యెవ్వరును ఫిర్యాదు చేయరు.

2022 లో వెలువడిన క్రొత్త ప్రమాణము, వెబ్‌సైట్లకు రక్షణ నిచ్చు టిఎల్‌ఎస్ పద్ధతినే ఎన్‌ఎఫ్‌ఎస్‌కును తెచ్చినది. ఇందును క్లయింటు మొదట రక్షణ లేని సందేశముతోనే నీకీ విద్య తెలియునా యని సర్వరు నడుగును. జవాబును మధ్యలో నెవడైన తుడిచివేయవచ్చును. అయితే లినక్స్‌లో టిఎల్‌ఎస్ కావలెనని వాడుకరి స్పష్టముగా కోరినచో, సర్వరు దానిని సమకూర్పలేనప్పుడు మౌంట్ విఫలమగునే గాని రహస్యముగా పాత దారికి మరలదు. పాత పొరపాటునుండి నేర్చిన పాఠమిది. దీనిని నేను మనసార మెచ్చుకొందును.

కావున మన కళాశాలలలోను కార్యాలయములలోను ఇట్టి సర్వర్లను నడుపు సోదరులకు నా విన్నపము: మౌంట్ చేయునప్పుడు భద్రతాపద్ధతిని క్లయింటు తీర్పునకు వదలక పేరు పెట్టి వ్రాయుడు, సర్వరు జాబితాలో ‘సిస్’ అను పదము కనబడినచో అది యెవరు, ఎప్పుడు, ఎందులకు చేర్చినారో విచారింపుడు, సమాధానము దొరకనిచో, గడియారములను సరిచేసి టికెట్టులను పునరుద్ధరించు నేర్పాటు గావించిన పిదప, దానిని తొలగింపుడు.