నోరులేని నేస్తాలకు కాలాల గండం

పిల్లలూ! మీకు జ్వరం వస్తే అమ్మతో చెప్పుకుంటారు. మరి మీ ఇంటి కుక్కపిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? నోరులేని జీవాల బాధను మనమే కనిపెట్టాలి. ఖమ్మం మొదలు భద్రాచలం అడవుల అంచుదాకా ఉన్న ఊళ్లలో ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క గండం ఉన్నది. అవేమిటో చూద్దామా?

ముందు ఎండాకాలం. అడవిలో తునికాకు కోసే రోజులు వచ్చేసరికి ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతుంది. మనకైతే ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. అందుకే అది నాలుక బయట పెట్టి రొప్పుతుంది. నోటిలోని తడి ఆవిరి అవుతూ, ఒంటి వేడిని వెంట తీసుకుపోతుంది. రేకుల పాకలో కట్టేస్తే అక్కడి గాలే సెగలు కక్కుతుంది కనుక ఎంత రొప్పినా లాభం ఉండదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారన్‌హీటు. అది 106 దాటితే ప్రాణానికే ముప్పు. చొంగ కారుస్తూ తూలి పడిపోతే వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీళ్లు పోసి, విసురుతూ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

తొలకరి పడగానే గోమార్లు బయలుదేరుతాయి. వీటినే పిడుదులనీ అంటారు. ఇవి నెత్తురు పీల్చడమే కాక, నెత్తురులోకి రోగాలు కూడా ఎక్కిస్తాయి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో రోజూ వెతకండి. పత్తి చేలకు కొట్టే పురుగుమందు డబ్బాలు, ఎలుకల మందు జంతువులకు అందని చోట పెట్టమని నాన్నకు చెప్పండి. మందు తిన్న ఎలుకను పట్టి తిన్నా పిల్లికి ప్రమాదమే.

ఇక గోదావరి సంగతి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 1986లో అది 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు దాకా పోయింది! ఇల్లు వదలి వెళ్లవలసి వస్తే మీ కుక్కనూ, మేకనూ వెంట తీసుకుపోండి. అందుకు వీలే లేకపోతే కట్టు తాడు తప్పక విప్పండి. ఈత వచ్చిన జంతువైనా మెడకు తాడుంటే ఏం చేయగలదు?

వంట కాని ఇంటిని గురించి "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు, విన్నారా? చలికాలంలో పిల్లి నిజంగానే వెచ్చని బూడిదలో ముడుచుకుంటుంది. కనుక పొయ్యి రాజేసే ముందు ఒకసారి చూడండి. జలుబు చేసిందని దానికి మన పారాసిటమాల్ మాత్ర మాత్రం వేయకండి. ఆ మందును విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రే దాని ప్రాణం తీయగలదు.

అన్ని కాలాల్లోనూ ఉండే గండం రేబిస్. దానికి 1885లో లూయీ పాశ్చర్ టీకా ఇచ్చి ఒక పిల్లవాణ్ణి కాపాడాడు. జబ్బు పైకి కనిపించాక మాత్రం బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిచినా, గీరినా దాచకండి. సబ్బుతో, ధారగా పడే నీటిలో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

కుక్కలకు డిస్టెంపర్ అనే మరో జబ్బు వస్తుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఇది సోకి సుమారు మూడోవంతు సింహాలు చనిపోయాయి. అది ఊరకుక్కల నుంచే వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కిన్నెరసాని అభయారణ్యం పక్కన ఉండే మనం మీ కుక్కకు టీకా వేయిస్తే అడవి జంతువులకూ మేలే!

మరి మీ కుక్కకు టీకా ఎప్పుడు వేయించారు? నాన్నను అడిగి, ఆ తేదీ ఇవాళే మీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.