అయిజ పత్తిచేలు – బాలనేరస్థుడనే ముద్ర

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని తేల్చేశారు. 1911లో వచ్చిన చట్టమైతే పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఇచ్చింది. 1952లో చట్టం రద్దయింది గానీ ఆ ఆలోచన పోలేదు. బడిలో పెన్ను పోతే ముందుగా ఏ వాడ పిల్లోడి సంచి వెతుకుతారో మన టీచర్లకు చెప్పక్కర్లేదు.

ఈ పుట్టుక వాదం ఎంత తప్పో షికాగోలో షా, మెకే అనే పరిశోధకులు 1942లోనే చూపించారు. బాలల కేసుల్ని ఇళ్ల చిరునామాల ప్రకారం పటం మీద గుర్తించి చూశారు. ఫ్యాక్టరీల పక్కనున్న పేదపేటల్లో మొదట జర్మన్లు, ఐరిష్‌వాళ్లు ఉండేవారు, తర్వాత ఇటలీ, పోలండ్ వాళ్లు వచ్చారు. జనం మారినా కేసులు ఆ పేటల్లోనే ఎక్కువ.

లండన్‌లో 1961 నుంచి 411 మంది మగపిల్లల్ని దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, పెద్దల ఆలనా పాలనా కరువవడం, చదువులో వెనకబడటం, తల్లికో తండ్రికో శిక్షపడి ఉండటం – ఇవి కలిసిన చోట పిల్లలు నేరాల వైపు పోయే అవకాశం ఎక్కువని తేలింది. అవకాశమే, నుదుటి రాత కాదు. మనం గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఇంకోటుంది: అదే తీరు తప్పులు చేసిన వాళ్లలో, కోర్టులో శిక్షపడ్డ పిల్లలే తర్వాత ఎక్కువ చెడ్డారు. అంటే ముద్ర కూడా ఒక కారణమే.

ఇప్పుడు మన నడిగడ్డకు, అయిజ వైపు రండి. ఇక్కడి చేలల్లో కంపెనీల కోసం సీడ్‌పత్తి పండిస్తారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీయాలి, తెల్లారి మగపువ్వు పుప్పొడి రుద్దాలి. పువ్వు పువ్వుకూ చెయ్యి పడాలి. బడి తెరిచిన కొన్నాళ్లకే ఈ క్రాసింగ్ మొదలవుతుంది, నెలల తరబడి సాగుతుంది. పిల్లల కూలి చవక, పైగా పెద్దలు అడ్వాన్సు తీసుకుని ఉంటారు. అట్లా చేలల్లోకి పోయిన పిల్లల్లో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల వాళ్లే. మళ్లీ బడికొచ్చేసరికి పాఠాలు దాటిపోతాయి, సిగ్గుపడి మానేస్తారు. చదువులో వెనకబడటమని లండన్ వాళ్లు రాసుకున్నది ఇక్కడ తయారయ్యేది ఇట్లాగ. దీన్ని వాడి తెలివితక్కువతనమని ఎట్లా అంటాం?

2015 బాలల న్యాయచట్టం ప్రకారం, పిల్లవాడి మీద కేసైతే ప్రొబేషన్ అధికారి వాడి ఇంటి పరిస్థితుల మీద పదిహేను రోజుల్లో నివేదిక ఇయ్యాలి. పదహారు దాటినవాడి మీద ఘోరనేరం మోపితే పెద్దవాళ్లతో సమానంగా విచారించే దారి కూడా ఈ చట్టమే తెరిచింది కాబట్టి ఆ కాగితం చిన్నదేం కాదు. అందులో 'తండ్రి తాగుబోతు, పిల్లవాడు బడి మానేశాడు' అని ఊరుకుంటే పాత ముద్రే మళ్లీ పడ్డట్టు. ఎప్పుడు మానేశాడు, ఎవరి చేనుకు పోయాడు, అడ్వాన్సు ఎంత, హాజరుపట్టీలో ఏ నెల నుంచి ఖాళీలున్నాయి – ఇవి రాయించాలి. హాజరుపట్టీ టీచరు చేతిలోనే ఉంటుంది.