కుందేటి గంతు

మన నుడికారములో కుందేళ్లు రెండున్నవి. ఒకటి మూడు కాళ్లది, మొండిపట్టునకు గుర్తు. రెండవది కొమ్ము గలది, లేనిదానికి గుర్తు. నాలుగు కాళ్లును గలిగి, కొమ్ము లేక, నేడు ఎన్నో యిండ్లలో పంజరమున ఒదిగి కూర్చున్న నిజమైన కుందేలును గూర్చి మనము తలపోసినది మిక్కిలి తక్కువ.

నా యెరుకయు అంతంతమాత్రమే. ఏడేండ్ల క్రిందట మా యమ్మాయి పట్టుబట్టి యొక తెల్లని పిల్లను తెచ్చుకొన్నది. పై చదువులకై ఆమె పొరుగూరు పోయిన పిమ్మట కుందేలు మా పాలబడినది. సంజవేళ వసారాలోనికి విడిచినచో దాని యాట చూడదగి యుండెడిది. ఈ చివరనుండి ఆ చివరకు బాణమువలె దూసికొనిపోయి, హఠాత్తుగా గాలిలోనికి ఎగిరి, తల నొకవైపునకు, నడుమును మరియొకవైపునకు మెలిత్రిప్పి, వెనుక కాళ్లు విదలించి నేల వ్రాలెడిది. సంతోషము కలిగిన కుందేలు వేయు ఈ గంతునకు ఆంగ్లేయులు ‘బింకీ’ యని ముద్దుపేరు పెట్టిరి. మనకు గంతు అను మాటయే చాలును.

ఒకనాడది నా నిఘంటువు అట్టను కొరికివేసినది. కోపముతో దానిని పంజరమున బంధించితిని. నాలుగు దినములకని వేసిన శిక్ష నాలుగేండ్లు సాగినది. గతవత్సరము మరల విడిచినపుడు అది గంతు వేయలేదు. రెండడుగులు వేసి గోడ ప్రక్కన ముడుచుకొన్నది.

“ముసలిదైనది,” అంటిని.

మా యావిడ ఒప్పుకొనలేదు. “ముసలిదైతే మెల్లగా నడుచునుగాని, పండ్లు పటపట కొరుకునా?” అన్నది.

పశువైద్యుడు దాని వెనుక పాదములను త్రిప్పి చూపెను. అవి పుండ్లయి యుండెను. కుక్కకు, పిల్లికి ఉన్నట్లు కుందేటికి పాదముల క్రింద మెత్తలు లేవు. దట్టమైన బొచ్చే దానికి మెత్త. తీగెల నేలపై కదలక కూర్చున్నచో ఆ బొచ్చు అరిగి చర్మము చిట్లును. ఎక్స్‌రేలో నడుము పూసలు కూడ బిగిసికొని కనబడినవి. ఇందులో వయసు వంతెంత, నా పంజరము వంతెంత యని అడుగుటకు నాకు నోరు రాలేదు.

మన పొలముల గట్ల వెంట తిరుగు చెవులపిల్లి వేరు, అంగడిలో అమ్ము కుందేలు వేరు. మొదటిది ఒంటరిగా పొదల చాటున పడుకొనును. దాని పిల్లలు బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. రెండవది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతములనుండి లోకమంతట వ్యాపించిన జాతి. బొరియలు త్రవ్వుకొని గుంపుగా బ్రతుకునది. అందుచే పరుగు, త్రవ్వుట, తోడు, ఈ మూడును దానికి విలాసములు కావు; అవసరములు. 2006లో బ్రిటనులోని కుందేళ్ల సంక్షేమ సంఘము ‘గూడొక్కటే చాలదు’ అను నినాదముతో ప్రచారము మొదలిడినది. జంట కుందేళ్లకు ఎల్లవేళల 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల చోటుండవలెనని వారి సలహా.

దీనికి కారణము దాని దేహ నిర్మాణమే. కుందేటి యెముకలు మిక్కిలి తేలిక. దేహపు బరువులో సుమారు నూటికి 8 పాళ్లు మాత్రమే. వెనుక కాళ్ల కండలు బలమైనవి. కదలిక లేనిచో ఎముక మరింత బలహీనపడును. అట్టి దానిని ఎత్తుకొన్నపుడు గింజుకొని ఒక్క తాపు తన్నినచో దాని నడుమే విరుగవచ్చును. పేగుల కదలికకు సైతము ఎండుగడ్డితోపాటు నడక తోడు కావలెను. మేత ముట్టక ఒక పూట గడచినచో వెంటనే వైద్యుని చూడవలసినదే.

ఇంటి కుందేలు సుమారు 8 మొదలు 12 ఏండ్ల వరకు బ్రతుకును. కీళ్లు బిగిసిన ముసలి కుందేలు వెనుకకు వంగి తన్ను తాను శుభ్రము చేసికొనలేదు. తడిసిన బొచ్చుపై ఈగలు గ్రుడ్లు పెట్టును, అది ప్రాణాంతకము. మన వేసవి దానికి మరియొక గండము. దానికి చెమట పట్టదు. వేడి చాలవరకు చెవులగుండ పోవలెను. కనుక తెల్లవారుజామున, సందెవేళ మాత్రమే దానిని తిరుగనీయవలెను. అవి దాని స్వభావమునకును తగిన వేళలే.

వేటాడబడు జంతువు గనుక కుందేలు బాధను దాచుకొనును. అరువదు, మూల్గదు. దాని మౌనమును మనము ముసలితనమనుకొందుము. ఆ పేరు పెట్టిన క్షణమున వైద్యము ఆగిపోవును. మన యిండ్లలో మోకాళ్లు పట్టుకొని లేచు పెద్దలకును ఈ మాటయే చెప్పి, మంచము చూపుచుందుము.

పంజరము అటక యెక్కినది. వసారాలో చాపపై గోనె పరచితిమి. మలమూత్రములకు అంచు తక్కువగానున్న పళ్లెరము పెట్టితిమి. నొప్పి తగ్గుటకు వైద్యుడిచ్చిన మందు మా యావిడ దినమును తప్పక పోయుచున్నది. పుండ్లు మానినవి; నడుము మాత్రము మునుపటివలె కాలేదు, కాబోదట.

మా యమ్మాయి ఫోను చేసినపుడెల్ల, “గంతు వేసినదా?” అని అడుగును. మొన్నటి సందెవేళ ముందుకాళ్లు మాత్రము నేలవిడిచి, తల నొకసారి విదలించినది. సగము గంతు. ఆ మాటయే అమ్మాయికి చెప్పితిని. నిఘంటువు ఇప్పుడు పై అరలోనున్నది.